అడుగు రేటు

కార్మికుల ఆఫీసు ప్రహరీని ఆనుకుని, పెద్ద గొడుగు కింద ఒక బల్ల. బల్లకి అటువైపు అర్జీలు రాసే ఆవిడ, ఇటువైపు టైల్స్ మేస్త్రీ, అతని బామ్మర్ది. ఆఫీసు కిటికీ ఒంటిగంటకి మూస్తారు.

"ముందు వాడి పేరు రాయండక్కా. మిగతాదంతా తర్వాత. పిచ్చుక. నా నోటికాడ కూడు లాక్కున్నవాడు పిచ్చుక."

"పిచ్చుక అని రాస్తే లోపలాయన కాగితం నా మొహాన కొడతాడు మేస్త్రీ గారూ. అసలు పేరు చెప్పండి."

"అసలు పేరంటే..."

"పద్నాలుగు నెలలు మీ పక్కనే పని చేశాడన్నారు ఇందాక."

"చేశాడు."

"మరి పేరు?"

"పిచ్చుకా అంటే పలికేవాడు. పలికేవాడికి ఇంకో పేరెందుకక్కా?"

"నేనడిగానక్కా ఓసారి. ఏదో చెప్పాడు. చాలా పొడుగుంది. అంత పేరు పిలిచేలోపు సిమెంటు మాలు గట్టిపడిపోతుందిరా అన్నాడు మా బావ."

"నోరు మూసుకుని కూర్చుంటావనే తీసుకొచ్చాను నిన్ను."

"మూసుకునే ఉన్నాను బావా."

"సరే. 'పిచ్చుక అని పిలువబడు వ్యక్తి' అని పెడుతున్నాను. మీరు కూర్చోండి ముందు. అలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోలేనక్కా. టైమెంతయింది?"

"పన్నెండు కూడా కాలేదు. ఎక్కడి మనిషి?"

"అవతలి మనిషి. సరిహద్దు అవతల. కాగితం ముక్క లేదు వాడి దగ్గర. అది రాయండి. లావుగా రాయండి."

"అర్జీలో లావూ సన్నం ఉండవు. ఎలా వచ్చాడు?"

"నాకేం తెలుసు? దొంగదారిన వచ్చాడు. ఎలాగైతేనేం."

"ఉల్లిపాయల లారీలో బావా. వాడే చెప్పాడుగా. రెండు రోజులు బస్తాల మధ్య కూర్చుని ఏడుస్తూ వచ్చాను, ఇంటి మీద బెంగో ఉల్లిపాయలో నాకే తెలీలేదు అన్నాడు. నువ్వు పడీపడీ నవ్వావు కూడా."

"నవ్వితే? నవ్వితే చుట్టమైపోతాడా?"

"నేనన్నానా?"

"మీరిద్దరూ తర్వాత పోట్లాడుకోండి. వెనకాల ఇంకో నలుగురున్నారు. ఇప్పుడు చెప్పండి, మీకేం చేశాడు?"

"ఏం చెయ్యలేదో అడగండి. నాలుగు నెలలైందక్కా నేను తాపీ పట్టి. నలభై ఇళ్ళ బిల్డింగు అది. పునాది నాటినుంచీ నేల పని నాదే అని మాట. రెండంతస్తులు నా చేత్తో వేశాను. మూడో అంతస్తు మొదలెట్టేసరికి వాడు నా కింద నేల లాగేశాడు. వాడొక్కడే కాదు, వాడి వాళ్ళు ఇంకో నలుగురు. ఐదుగురు. మా ముఠా మొత్తం గేటు బయట."

"మొత్తం ఎంతమంది?"

"నాతో కలిపి ఏడుగురు. ఒకడు ఆటో తోలుతున్నాడు. ఒకడు కూతురింటికి పోయాడు, అల్లుడి కింద పడుంటున్నాడు. మా పెద్దమేస్త్రీ అయితే, అరవై ఏళ్ళ మనిషి, ఆస్పత్రిలో నేల తుడుస్తున్నాడు. నలభై ఏళ్ళు నేల వేసినవాడక్కా. ఇప్పుడు తుడుస్తున్నాడు."

"మీరు?"

"నేను మీ ముందు నిలబడ్డాను."

"మా అక్క కుట్టుపనికి పోతోందక్కా. దాంతోనే..."

"నువ్వుండరా."

"రేటెంత ఉండేది?"

"ముప్ఫై. చదరపు అడుగుకి ముప్ఫై. ఊరికే వచ్చిందనుకుంటున్నారా? తొమ్మిదికి మొదలుపెట్టాను నేను. ఎనిమిదో తరగతి సగంలో పుస్తకాలు గోడవతలికి విసిరేసి తాపీ పట్టాను. తొమ్మిది, పదకొండు, పదహారు... ఒక్కో మెట్టుకి ఒక్కో తగాదా. ఒకసారి పదిరోజులు పని ఆపేశాం అందరం కలిసి. ఆ ముప్ఫై మా మోకాళ్ళమీద వచ్చిందక్కా. చూడండి, ఈ మోకాలు చూడండి."

"వద్దులెండి, పంట్లాం కాలు కిందికి దించండి. మోకాళ్ళకి గడి లేదు ఇందులో. ఇప్పుడెంత?"

"పదిహేను."

"సగం."

"సగం. అడ్డంగా కోసేశారు. నన్నూ అడిగాడు కాంట్రాక్టరు, పదిహేనుకి వస్తావా అని. నేనేమన్నానో ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు."

"నేను చెప్పనా?"

"చెప్పావంటే ఇక్కడే పాతేస్తాను."

"ఇరవై ఏళ్ళుగా ఈ గొడుగు కింద కూర్చున్నాను బాబూ. నాకు తెలీని తిట్టు ఇంకా పుట్టలేదు. ఏ కాంట్రాక్టరు?"

"ఆ నవ్వులాయన. డబ్బిచ్చినా నవ్వుతాడు, ఎగ్గొట్టినా నవ్వుతాడు. నా రేటు సగం చేస్తున్నానని చెప్పినప్పుడు కూడా నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. 'ఏం చేస్తాం మేస్త్రీ, కాలం అలా ఉంది' అన్నాడు. కాలానికేం, కాలం బాగానే ఉంది. ఆయన కొత్త కారు కొన్నాడు."

"మేస్త్రీ గారూ, ఒక్క మాట. నా దగ్గర రెండు రకాల కాగితాలున్నాయి. కూలి తగ్గించాడని కాంట్రాక్టరు మీద వేసేది తెల్లది. కాగితాలు లేని మనిషి మీద వేసేది పచ్చది. మీరు రాగానే పచ్చది అడిగారు, తీశాను. కానీ మీరు చెప్పేదంతా తెల్లదానిలా ఉంది."

"తెల్లది వేస్తే ఏమవుతుంది?"

"పిలుస్తారు. వాయిదా వేస్తారు. మళ్ళీ పిలుస్తారు. ఏడాది పట్టచ్చు."

"పచ్చది వేస్తే?"

"సాయంత్రానికి బండి వస్తుంది."

"పచ్చదే."

"బండి వస్తే ఊరికే పోదు. ఎక్కించుకునే పోతుంది."

"పోనివ్వండి. ఎక్కణ్ణించొచ్చాడో అక్కడికే పోనివ్వండి. నాకేమన్నా వాడిమీద పగా? వాళ్ళ ఊళ్ళో వాణ్ణి బతకమనండి, నా ఊళ్ళో నన్ను బతకనివ్వమనండి. అంతే."

"వాళ్ళ ఊళ్ళో పనుంటే ఉల్లిపాయల్లో ఎందుకొస్తాడు బావా..."

"నీకు అంత జాలిగా ఉంటే నీ వాటా వాడికిచ్చెయ్. ఇస్తావా? మొన్న పిల్లాడి ఫీజుకి నా దగ్గరికే వచ్చావు. నేనేమిచ్చాను?"

"ఏమీ ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"లేవు కాబట్టి."

"ఎందుకు లేవు?"

"సరేలే బావా. రాయించు."

"ఎక్కడ దొరుకుతారో రాయాలి. ఇల్లెక్కడ?"

"ఇల్లేమిటి, ఆ బిల్డింగే. పని చేసే గదిలోనే పడుకుంటారు. నాలుగో అంతస్తు. కానీ అక్కా, బండివాళ్ళకి ఒక ముక్క ముందే రాయండి. వాడు పని చేసే పద్ధతి వేరు."

"పద్ధతితో వాళ్ళకేం పని?"

"ఉంది. వినండి. మేం ఏ గదైనా లోపలి గోడ దగ్గర మొదలెడతాం. వెనక్కి వెనక్కి జరుగుతూ వస్తాం. ఆఖరి టైలు గుమ్మం దగ్గర పడుతుంది. లేచి, చెప్పులేసుకుని, ఇంటికి పోతాం. లోకంలో ఎవడైనా అంతే. వాడు గుమ్మం దగ్గర మొదలెడతాడు."

"అయితే?"

"అయితే ఏంటక్కా! పనయ్యేసరికి వాడు లోపల మూల, మధ్యలో తడి నేల. మర్నాటిదాకా బయటికి రాలేడు. కాలు పెడితే టైలు దిగిపోతుంది."

"మొదటిరోజు మేం నవ్వలేక చచ్చామక్కా. బోనులో తలుపు తనే వేసుకున్న ఎలకలా, మూల ఒక గజం జాగాలో గొంతుక్కూర్చున్నాడు. అన్నం కర్రకి కట్టి కిటికీలోంచి అందించాను నేను."

"నేను కూడా తెలివితక్కువ వెధవ అనే అనుకున్నాను. ఇదేం పనిరా అంటే నవ్వి ఊరుకునేవాడు. తర్వాతొక రోజు చెకింగువాళ్ళు దిగారు. ముగ్గురు. ఒక్కో గదీ చూసుకుంటూ వచ్చారు. వాడి గది గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఎదురుగా అద్దంలాంటి కొత్త నేల, ఆ చివర వీడు. 'సార్ సార్, ఇప్పుడే వేశారు, తొక్కితే మొత్తం పోతుంది' అని కాంట్రాక్టరు నవ్వుతూ అడ్డం నిలబడ్డాడు. వాళ్ళు గుమ్మం దగ్గరినుంచే, ఏయ్ నీ కార్డేదీ అని అరిచారు."

"వాడు ఇటు తిరిగితేగా! చెవిటివాడిలా రబ్బరు సుత్తితో టకటకా కొట్టుకుంటూనే ఉన్నాడు."

"కాసేపు చూసి పోయారు. అప్పుడర్థమైంది నాకు."

"తెలివితక్కువవాడు కాదన్నమాట."

"తెలివి కాదక్కా. భయం. భయానికి అంత తెలివుంటుందని నాకూ తెలీదు."

"మరి ఇదంతా చెప్పేసి, బండివాళ్ళని తొక్కుకుంటూ పొమ్మని రాయమంటారా?"

"రాయండి. టైమెంత?"

"పన్నెండూ పావు. తర్వాత గడి. ఈ మనిషిని ఇక్కడ మొదట పనిలో పెట్టుకున్నది ఎవరు?"

"అది కూడా కావాలా?"

"గడి ఉంది."

"కాంట్రాక్టరని రాయండి."

"బావా..."

"ఏంట్రా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే పిలవడమెందుకు?"

"ఏం లేదంటే ఏం లేదు. కాంట్రాక్టరు మాత్రం కాదు."

"నీ నోట్లో మాలు కొట్ట!"

"నువ్వే చెప్పావుగా బావా, ఆఫీసు దగ్గర అబద్ధం ఆడితే తిరిగి మనకే చుట్టుకుంటుందని."

"మేస్త్రీ గారూ, నేను కలం కింద పెట్టేశాను. ఈ పచ్చ కాగితం అడుగున సన్నటి అక్షరాలున్నాయి, చదవమంటారా? 'అట్టి వ్యక్తిని తెలిసియుండి మొదట పనిలో పెట్టుకున్నవారు సైతం శిక్షార్హులు.' మీరు సంతకం పెట్టేది దీని కిందే. ఎవరు పెట్టుకున్నారు? నాకు చెప్పండి. నేను ఆఫీసు కాదు, గొడుగు."

"నేనే."

"ఎలా?"

"వానాకాలం. నా మేస్త్రీలు ఇద్దరు పెళ్ళికని పోయి ఐదురోజులైనా రాలేదు. కాంట్రాక్టరు నెత్తిమీద కూర్చున్నాడు. పొద్దున్నే గేటు దగ్గర వీడు. తడిసి ముద్దైపోయి, చంకలో తాపీ. తాపీకి మాత్రం ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నాడు, నెత్తికి లేదు. పనొచ్చా అన్నాను. తలూపాడు. ఒక్క టైలు వెయ్యమన్నాను. వేశాడు. వంగి కొట్టి చూశాను. నాలుగు మూలలూ కొట్టాను, మధ్యలో కొట్టాను. డొల్ల లేదు. ఎక్కడా లేదు."

"మా బావ ఎవర్నీ మెచ్చుకోడక్కా. ఆ రోజు మాత్రం..."

"నువ్వు పోయి టీ పట్రా."

"ఇప్పుడేగా తాగాం."

"ఇంకోటి తాగుదాం. మూడు పట్రా. అక్కకి చక్కెర తక్కువ."

"నాకు చక్కెర ఎక్కువే కావాలి."

"అక్కకి చక్కెర ఎక్కువ. పోరా."

"పోతున్నా. పోతున్నా బావా. చెయ్యెత్తకు."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పను?"

"బామ్మర్దిని పంపించి చెప్పాల్సినంత మాట ఏదో ఉందిగా. తర్వాతి గడి నేను చదవకుండానే మీకు తెలిసినట్టుంది."

"ఏముంది తర్వాతి గడిలో?"

"అతనికి మొదట ఎంత కూలి ఇచ్చారు? ఆ రేటు పెట్టింది ఎవరు?"

"అక్కా, మీరెప్పుడన్నా నేల పని చేయించారా?"

"నాకు సొంత నేల లేదు."

"మా పనిలో ఒక పద్ధతుంది. కొత్తవాడొస్తే ముఠా పెద్ద ఒక అంకె చెప్తాడు. అది ఇవ్వడానికి చెప్పే అంకె కాదు. కాదనిపించుకోడానికి చెప్పేది. వాడు అది విని సంచీ భుజానికి తగిలించుకోవాలి. రెండడుగులు గేటు వైపు వెయ్యాలి. నేను 'ఇలా రా, అంత కోపమైతే ఎలా' అనాలి. వాడు ఆకాశమంత చెప్పాలి. నేను తలకొట్టుకోవాలి. అలా కిందకీ మీదకీ లాగి లాగి ఇరవై నాలుగు దగ్గర ఆగుతాం. మాకందరికీ తెలుసు అక్కడే ఆగుతుందని. మా వాళ్ళందరికీ ఇరవై నాలుగే. ఆరు నాకు, ముఠా పెద్దని కాబట్టి. నా గురువు నాకు మూడని చెప్తే నేను బస్సు స్టాపు దాకా నడిచాను. ఆయన నా వెనకాల పరిగెత్తుకొచ్చాడు. అది మర్యాద."

"వీడికెంత చెప్పారు?"

"పన్నెండు."

"వాడేమన్నాడు?"

"'సరే మేస్త్రీ' అన్నాడు."

"అంతేనా?"

"అంతే. నేను రెండో మాట నోట్లో తయారుగా పెట్టుకున్నాను. వాడు అప్పటికే కింద కూర్చుని దారం కడుతున్నాడు."

"మీరేం చేశారు?"

"నిలబడి చూశాను."

"పిలిచి చెప్పలేదా?"

"ఏమని చెప్పనక్కా? ఒరేయ్, నేను నిన్ను ముంచుతున్నాను, నువ్వు లేచి బేరమాడరా అని చెప్పనా? కొత్తవాడు, బెరుకు, రేపు అడుగుతాడులే అనుకున్నాను. రేపు అడగలేదు. వారం చివర లెక్క చేతిలో పెడితే కళ్ళకద్దుకున్నాడు. ఒట్టు. కళ్ళకద్దుకుని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో వారం చూశాను. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

"అడక్కపోతేనే బాగుండుననిపించింది."

"ముప్ఫైలో పన్నెండు అతనికి. మిగతాది?"

"మీకు లెక్కలొచ్చుగా."

"పద్నాలుగు నెలలు."

"నేనేం తాగి తగలెయ్యలేదు. డాబా మీద ఒక గది వేశాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఒక్క గదిలో ఎంతకని పడుకుంటారు."

"ఆ గదికి నేల ఎవరు వేశారు?"

"ఎందుకూ?"

"ఊరికే అడిగాను."

"వాడే. ఒక ఆదివారం వచ్చి వేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడ అన్నం పెట్టింది. మా ఇంట్లో మాత్రం లోపలినుంచే మొదలెట్టాడు, గుమ్మంలోకి వచ్చి ఆపాడు. మా ఇంట్లో భయం లేదనుకున్నాడేమో."

"మరి కాంట్రాక్టరుకి ఎలా తెలిసింది?"

"మెట్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడట వీడు. ఆయన పక్కనే కూలబడి, 'మీ మేస్త్రీ నీకెంతిస్తాడురా' అన్నాడట నవ్వుతూ. అబద్ధం ఆడటం చేతకాని వెధవ. ఇరవై నాలుగని ఉంటే ఏం పోయేది? అందరికీ అంతేనని తెలుసుకుని ఉంటే కదా అనడానికి! పన్నెండన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన నా దగ్గరికొచ్చాడక్కా. మొదటిసారి నవ్వకుండా చూశాడు నన్ను. మర్నాడు మధ్యలో నన్ను తీసేసి వాడికి సూటిగా పదిహేను అన్నాడు. వాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాడట, నా కూలి పెరిగింది, రండి అని. నలుగురు దిగారు."

"అతను మిమ్మల్ని ఏమైనా అన్నాడా? నిజం తెలిశాక?"

"నిన్న గేటు దగ్గరికి పోయి అరిచాను. మీ అందర్నీ బండెక్కిస్తాను, రేపే రాయిస్తున్నాను అని గొంతు చించుకుని అరిచాను. వాడు పైనుంచి తొంగిచూశాడు. మెట్లు దిగి వచ్చాడు. 'మేస్త్రీ, నీకు కోపం రావడం న్యాయమే, నీకు చెప్పకుండా నేను ఎక్కువకి ఒప్పుకున్నాను' అన్నాడు."

"ఎక్కువకి."

"ఎక్కువకి! పదిహేను వాడికి ఎక్కువ! వాడు నాకేదో ద్రోహం చేశాననుకుంటున్నాడక్కా!"

"అంటే ఇప్పటికీ తెలీదు అతనికి, మీకు ముప్ఫై అని."

"ఎవరు చెప్తారు? నేను చెప్తానా, కాంట్రాక్టరు చెప్తాడా?"

"మీరు కూర్చోండి కాసేపు. నీళ్ళు తాగండి."

"వద్దు. టైమెంత?"

"పన్నెండున్నర దాటింది. మేస్త్రీ గారూ, నా మాట వినండి. పచ్చది వేస్తే అతను పోతాడు, వెనకే మీకూ నోటీసొస్తుంది. తెల్లది వేస్తే ముప్ఫై మళ్ళీ అడగచ్చు. కానీ అందులో నిజం రాయాలి. పన్నెండు ఎవరి నోటివెంట వచ్చిందో ఆ గడి ఖాళీ ఉంచడానికి లేదు. మీ వాళ్ళు ఆరుగురూ సాక్షి సంతకం పెట్టాలి, చదువుకునే పెడతారు."

"ఆస్పత్రిలో నేల తుడిచే మా పెద్దమేస్త్రీ కూడానా?"

"ఆయన కూడా."

"ఆయన చదువుతాడా ఆ ముక్క?"

"చదువు రాకపోతే నేను చదివి వినిపిస్తాను. అది నా పని."

"అయితే పచ్చదే నయం."

"నోటీసొచ్చినా?"

"నోటీసు ఇంటికొస్తుంది. ఆయన మొహం... వద్దక్కా. పచ్చదే. ఎక్కడ పెట్టాలి సంతకం?"

"బావా! బావా!"

"ఏంట్రా, టీ ఏదీ?"

"టీ పోనీ! పోయారు బావా!"

"ఎవరు?"

"పిచ్చుకా, వాడి వాళ్ళూ! ఐదుగురూ! వాచ్‌మన్ ఫోన్ చేశాడు నాకు. తెల్లారేసరికి ఎవరూ లేరట. నాలుగో అంతస్తులో గది సగం వేసింది వేసినట్టే వదిలేశారు. మాలు తట్టలో రాయైపోయిందట. నిన్న నువ్వు అరిచావుగా, దానికే. నీ గొంతు పనిచేసింది బావా! అర్జీ ఖర్చు కూడా లేకుండా!"

"ఎక్కడికి పోయారు?"

"ఎవడికి తెలుసు? ఇంకో ఊరు, ఇంకో బిల్డింగు. మనకెందుకు?"

"కూలి తీసుకున్నారా?"

"ఏ కూలి?"

"నెలాఖరు రేపు కదరా. చేసిన పనికి కూలి తీసుకునే పోయారా?"

"లేదట. ఆగితే కదా తీసుకోడానికి. నీకెందుకు బావా అదంతా? ఇదుగో, నీ ఫోన్ మోగుతోంది. నవ్వులాయన! నేను చెప్పలా! కాళ్ళబేరానికొచ్చాడు. వచ్చే నెలాఖరుకి ఇళ్ళు అప్పజెప్పాలి వాడు. పీక మీదకొచ్చింది. ముప్ఫై ఐదు అడుగు బావా. నలభై అడుగు."

"ఉండరా. ఆ... చెప్పండి... తెలిసింది, ఇప్పుడే... నాకేం సంబంధం, నేనొక మాటన్నాను, వాళ్ళకి కాళ్ళున్నాయి పోయారు... ఎన్ని అడుగులు?... నాలుగు వేల రెండు వందలు. ఊఁ... చేస్తాను, మా వాళ్ళని పిలిపిస్తాను, అదెంతసేపు... రేటు ముప్ఫై ఐదు... ఏంటీ?... సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పండి... అది వేరు, ఇది వేరండీ... నేనెప్పుడు నేర్పాను?... గురువారమా? ఎంతమంది?... అవతలివాళ్ళేనా?... ఊఁ... ఊఁ... నవ్వకండి, నవ్వకుండా చెప్పండి... రేపు పొద్దున్నే... ఆ. ఆ, వస్తాను."

"ఏమన్నాడు బావా?"

"రమ్మన్నాడు."

"నే చెప్పలా! అక్కా, ఆ కాగితం చించెయ్యండి. టీ నేను మళ్ళీ తెస్తాను, ఈసారి బిస్కెట్లతో. మా అక్కకి ఫోన్ చెయ్యనా బావా? కుట్టుపని మానెయ్యమని చెప్పనా?"

"చించనా మేస్త్రీ గారూ? మనుషులే లేనప్పుడు పచ్చ కాగితం దండగ."

"చించకండి. ఇంకా ఒక గడి మిగిలిందిగా అడుగున."

"ఉంది. అర్జీదారుకి కలిగిన నష్టం. కానీ ఇంకెక్కడి నష్టం? వాళ్ళు పోయారు, పని మీకొచ్చింది."

"గురువారం పదకొండు మంది దిగుతున్నారట అవతలినుంచి. ఇవాళ పన్నెండుకి ఒప్పుకుంటే మొత్తం నేల నాకట, లేకపోతే వాళ్ళకట. పదిహేనైనా అడుగుదామనుకున్నానక్కా ఆఖరికి. మీ ముందే కదా, నోరు తెరిచి అడగలేదు, ఊఁ ఊఁ అన్నానంతే. పన్నెండుకి డొల్ల లేని నేల పడుతుందని నాకు నేర్పింది నువ్వే కదా మేస్త్రీ అన్నాడు."

"పన్నెండేంటి బావా? పన్నెండు ఎవరికి? పిచ్చుకకి నువ్వు ఇరవై నాలుగు కదా ఇచ్చావు?"

"రాయండక్కా. నాలుగు వేల రెండు వందల అడుగులు, అడుగుకి ముప్ఫైలో పన్నెండు పోను పద్దెనిమిది చొప్పున. డెబ్బై ఐదు వేల ఆరు వందలు."